లాబ్రడార్ కుక్కపిల్ల అసలు జాతిదేనా? డబ్బులిచ్చేముందు ఏం చూడాలి, ఎలా చూడాలి

2014లో గుంటూరులో నేను మొదటిసారి లాబ్రడార్ కుక్కపిల్లని కొన్నాను. వయసు నలభై రోజులన్నారు. ఆరువేల రూపాయలు. లేత గోధుమ రంగు, బూరెల్లాంటి బుగ్గలు, వేలాడే చెవులు. అమ్మినాయన "ఒరిజినల్ బ్రీడ్ సార్, తండ్రి షోల్లో ప్రైజులు కొట్టాడు" అన్నాడు. ఎనిమిదో నెల వచ్చేసరికి ఒక చెవి లేచి నిలబడింది, రెండోది సగం లేచి ఆగిపోయింది. తోక గుండ్రంగా చుట్టుకుని వీపు మీదికెక్కింది. మా ఎదురింటి పిన్నిగారు ఓ రోజు గేటు దగ్గర నిలబడి తేరిపార చూసి, "ఏమిటోనయ్యా, వీడికి అచ్చం మన చింతచెట్టు కింది ఎర్రకుక్క పోలికలే వచ్చాయి" అనేసింది.

జాకీ మా ఇంట్లో పదకొండేళ్ళు దర్జాగా బతికాడు. వాడి మీద నాకే ఫిర్యాదూ లేదు. ఫిర్యాదల్లా ఆ ఆరువేల మీద, ఆ రోజు నేను అడగకుండా వదిలేసిన ప్రశ్నల మీద.

ఆ తర్వాత ఈ సంగతులు కొంచెం పట్టించుకుని నేర్చుకున్నాను. ఇప్పుడు చుట్టాల్లో ఎవరు కుక్కపిల్లని కొనాలన్నా నన్ను వెంటబెట్టుకుని వెళ్తారు. ఎక్కువమంది అడిగేది లాబ్రడారే కాబట్టి దాన్నే ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను. మిగతా జాతులకి తేడా ఎక్కడుందో చివర్లో చెబుతాను.

ముందు ఒక అపోహ వదిలించుకోవాలి

జాతి కుక్క అంటే అందంగా, బొద్దుగా, ఫొటోలో ఉన్నట్టు ఉండే కుక్క కాదు. దాని తల్లిదండ్రులు, తాతలు, ముత్తాతలు అందరూ అదే జాతివని ఎక్కడో నమోదై ఉన్న కుక్క. అంటే జాతి అనేది మొహంలో కాదు, వంశవృక్షంలో ఉంటుంది.

నలభై అయిదు, అరవై రోజుల పిల్లని చూసి జాతి తేల్చడం ఎవరివల్లా కాదు. లాబ్రడార్‌కీ ఊరకుక్కకీ పుట్టిన పిల్ల ఆ వయసులో చాలాసార్లు అచ్చం లాబ్రడార్‌లాగే ఉంటుంది. ఊరకుక్క పిల్లలకి కూడా ఆ వయసులో చెవులు వేలాడుతూనే ఉంటాయి. అసలు మోసమంతా ఈ ఒక్క విషయం మీదే నడుస్తోంది. అందుకే పిల్లని చేతిలోకి తీసుకోవడం నేను ఆఖరికి పెట్టుకుంటాను. ఒకసారి చేతిలోకి వచ్చి, బొటనవేలు నాకి, ఒళ్ళో నిద్రపోయిందంటే ఇక మీరు ఏ ప్రశ్నా అడగరు. ఆ సంగతి అమ్మేవాడికి మీకన్నా బాగా తెలుసు. గేటు తీయగానే పిల్లని మీ పాప చేతిలో పెట్టేది అందుకే.

చూడాల్సినవి మూడు: తల్లి, కాగితం (జాతి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్), చిప్ (పిల్ల చర్మం కింద వేసే, నంబరున్న చిన్న గుళిక). ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయా లేదా అన్నదే అసలు పరీక్ష.

మొదటి అడుగు: ఫోన్లోనే సగం తేల్చుకోవడం

బయల్దేరే ముందు ఫోన్ చేసి నాలుగైదు ప్రశ్నలు అడగండి. పిల్లలు ఏ తేదీన పుట్టాయి? ఎన్ని పుట్టాయి, ఎన్ని మిగిలాయి? తల్లి అక్కడే ఉందా? తల్లిదండ్రుల సర్టిఫికెట్ల ఫొటోలు పంపుతారా? పిల్లలకి మైక్రోచిప్ వేయించారా? మీకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉందా? ఈ చివరి ప్రశ్నకి చాలామంది నొచ్చుకుంటారు, కానీ అడగడానికి మీకు హక్కుంది. కేంద్రం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం కుక్కల్ని పెంచి అమ్మేవాళ్ళు ఆ బోర్డు దగ్గర నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదన్నది కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. అంటే "నలభై రోజులు సార్, రెడీగా ఉంది" అనడంలోనే తప్పుంది. 2014లో ఈ నిబంధనలు లేవు. ఉన్నా నేను చదివి ఉండేవాణ్ణి కాదులెండి.

పుట్టిన తేదీ అడిగితే "రెండు నెలలు ఉంటాయి సార్, అటూ ఇటూ" అన్నారంటే వాళ్ళింట్లో ఈనలేదని అర్థం. ఇంట్లో కుక్క ఈనినవాళ్ళకి ఆ రాత్రి ఎన్నింటికి మొదలైంది, ఆఖరి పిల్ల ఎన్నింటికి వచ్చింది అన్నది కూడా గుర్తుంటుంది.

మరో మాట వింటారు: "వితౌట్ పేపర్స్ పన్నెండు, విత్ పేపర్స్ ఇరవై." ఒకే పిల్లకి రెండు ధరలు! తల్లీతండ్రీ ఇద్దరికీ రిజిస్ట్రేషన్ ఉంటే పిల్లకి కాగితాలు చేయించడానికయ్యే ఖర్చు, దాని ధరతో పోలిస్తే చాలా తక్కువ. మరి ఎనిమిది వేల తేడా దేనికి? ఆ కాగితాలు ఇంకో కుక్కవి అయ్యుంటాయని అనుమానించడానికి ఇది చాలు. నేనైతే అక్కడే ఫోన్ పెట్టేస్తాను.

వాట్సాప్‌లో పంపిన ఫొటోల్ని గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతకండి. అదే పిల్ల ఇంకో దేశంలో ఏదో వెబ్‌సైట్లో కనబడితే సంగతి అక్కడితో తేలిపోతుంది. వేరే రాష్ట్రం నుంచి పంపిస్తామని, ముందు అడ్వాన్స్, తర్వాత బోను ఖర్చు, తర్వాత ఇన్సూరెన్స్ అని ఒక్కొక్కటిగా అడిగేవాళ్ళ దగ్గర జాతి సంగతి అటుంచి, చాలాసార్లు అసలు కుక్కపిల్లే ఉండదు. వీడియో కాల్‌లో తల్లి దగ్గర పిల్లల్ని చూపించమనండి. అప్పుడే, ఆ క్షణమే. "సాయంత్రం చూపిస్తా" అంటే ఆ సాయంత్రం రాదు.

రెండో అడుగు: తల్లిని చూడటం

గత ఏడాది మా బావగారి కోసం హైదరాబాద్ శివార్లలో ఒక ఇంటికి వెళ్ళాం. వరండాలో నాలుగు పిల్లలు, ముద్దొస్తున్నాయి. తల్లి ఏదండీ అంటే ఆయన తడుముకోకుండా "ఊరెళ్ళింది సార్" అన్నాడు. కుక్క ఊరెళ్ళడమేమిటని బావగారు నవ్వాపుకోలేకపోయారు. తల్లిని చూడకుండా కొనేది లేదని గట్టిగా చెప్పేసరికి ఎవరికో ఫోన్ చేసి, అరగంటలో ఓ ఆడ లాబ్రడార్‌ని స్కూటీ మీద తెప్పించాడు. మంచి కుక్కే. లేత పసుపు, నిగనిగలాడే బొచ్చు, బిగువైన పొట్ట.

ఆ బిగువైన పొట్టే ఆయన్ని పట్టిచ్చింది. యాభై రోజుల కిందట ఈని, ఏడెనిమిది పిల్లలకి పాలిచ్చిన కుక్క అలా ఉండదు. చన్నులు సాగి కిందికి వేలాడుతుంటాయి, చుట్టూ పిల్లల గోళ్ళ గీతలు కనిపిస్తాయి. బొచ్చు పలచబడి గుత్తులుగా రాలుతుంటుంది. వెన్ను, నడుము ఎముకలు కొంచెం బయటపడి ఉంటాయి. ఈ కుక్క చన్నులు శనగగింజల్లా పొట్టకి అతుక్కుని ఉన్నాయి. పైగా పిల్లలు దగ్గరికి రాగానే వాటిని కొత్తవాళ్ళని వాసన చూసినట్టు చూసి, గుర్రుమని పక్కకి జరిగింది. మేం టీ తాగి, దణ్ణం పెట్టి వచ్చేశాం.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఏడో వారంలో అసలు తల్లి కూడా పాలివ్వకుండా లేచి వెళ్ళిపోతుంది. పిల్లలకి సూదుల్లాంటి పళ్ళు వచ్చి ఉంటాయి కదా. గుర్రుమన్నంత మాత్రాన తల్లి కాదని తీర్మానించకండి. పిల్లలు దాన్ని చూడగానే పొట్ట కిందికి దూరడానికి ఎగబడుతున్నాయా లేదా చూడండి. తల్లిని గుర్తుపట్టని కుక్కపిల్ల ఉండదు.

తల్లి దొరికాక దాని తోక, చెవులు, నిలబడే తీరు చూడండి. లాబ్రడార్ తోక మొదట్లో లావుగా ఉండి కొసకి సన్నబడుతుంది, ముల్లంగిలాగా. నీటికుక్క (ఓటర్) తోకతో పోలుస్తారు దాన్ని. వీపు మీదికి చుట్టుకోదు. పై బొచ్చు పొట్టిగా గరుగ్గా, కింద మెత్తని రెండో పొర ఉంటుంది. వేలితో బొచ్చుని వెనక్కి దువ్వి నోటితో ఊదితే ఆ లోపలి పొర కనిపిస్తుంది. కొత్తవాళ్ళని చూసి మూలకి నక్కిపోయినా, కరవడానికి వచ్చినా ఆ స్వభావం కొంత పిల్లలకీ వస్తుంది.

ఆ ఈతలో మిగిలిన పిల్లలన్నిటినీ ఒకచోట చూడటం కూడా ముఖ్యం. రంగు వేరైనా తల, మూతి, కాళ్ళ పొడవు ఒకే అచ్చులో పోసినట్టుండాలి. ఒకటి పొట్టి మూతితో, ఇంకోటి పొడుగు కాళ్ళతో ఉంటే అనుమానించండి. ఎదలో ఉన్న ఆడకుక్క రెండు మగకుక్కలతో కలిస్తే ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టొచ్చు. ఎద సుమారు మూడు వారాలుంటుంది. మేటింగ్‌కి తీసుకెళ్ళి తెచ్చాక కూడా గోడ దూకి వచ్చే వీధి రాజులు ఉంటారు. అంటే తల్లి నూటికి నూరుపాళ్ళు జాతిదైనా పిల్ల జాతిదని హామీ లేదు. తండ్రి సాధారణంగా వేరే యజమాని దగ్గర ఉంటుంది కాబట్టి ఆయన ఫోన్ నంబరు తీసుకుని, ఏ తేదీల్లో మేటింగ్ జరిగిందో అడగండి. అక్కణ్ణుంచి సుమారు 63 రోజులు లెక్కపెడితే పుట్టిన తేదీకి అటూ ఇటూగా రావాలి.

మూడో అడుగు: రంగుల లెక్క

ఇది నాకు బాగా ఇష్టమైన పరీక్ష. పైసా ఖర్చు లేదు, అబద్ధం చెప్పదు.

జాతి ప్రమాణాల ప్రకారం లాబ్రడార్‌కి మూడే రంగులు: నలుపు, పసుపు, చాకొలెట్. పసుపులో మీగడ రంగు నుంచి నక్క ఎరుపు దాకా ఛాయలుంటాయి, అన్నీ పసుపు కిందే లెక్క. ఈ రంగులు జన్యువుల ప్రకారం ఒక పద్ధతిలో దిగుతాయి. తల్లీతండ్రీ ఇద్దరూ పసుపైతే పిల్లలన్నీ పసుపే పుట్టాలి. నల్లపిల్ల గానీ చాకొలెట్ పిల్ల గానీ పుట్టడానికి వీల్లేదు. ఇద్దరూ చాకొలెట్ అయితే పిల్లలు చాకొలెట్ గానీ పసుపు గానీ అవుతాయి, నల్లపిల్ల రాదు. కారణం ఏమిటంటే పసుపు, చాకొలెట్ రంగులు బయటపడాలంటే ఆ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ రావాలి. ఇద్దరు పసుపు కుక్కల దగ్గర ఆ చోట పిల్లకివ్వడానికి వేరే రకం జన్యువే ఉండదు.

కాబట్టి అమ్మేవాడు రెండు పసుపు లాబ్రడార్ల ఫొటోలు చూపించి, మీ చేతిలో నల్లపిల్లని పెట్టాడంటే ఆ రెండిట్లో ఒకటైనా దాని తల్లో తండ్రో కాదు. వాదించక్కర్లేదు. తల్లిదండ్రుల్లో ఒకటి నలుపైతే మాత్రం ఈ లెక్క పెద్దగా పనికిరాదు, ఏ రంగైనా రావచ్చు. అబద్ధాన్ని పట్టడానికే తప్ప నిజాన్ని రుజువు చేయడానికి ఇది సరిపోదన్నమాట.

ఛాతీ మీద చిన్న తెల్లమచ్చ ఉంటే కంగారుపడక్కర్లేదు, అది ఒప్పుకునేదే. నాలుగు పాదాలకీ తెల్ల మేజోళ్ళు తొడిగినట్టున్నా, మెడ చుట్టూ తెల్లపట్టీ, తోక కొసన తెలుపు ఉన్నా ఆలోచించాలి. "సిల్వర్ లాబ్", "చార్‌కోల్ లాబ్" అంటూ అరుదైన రంగని రెట్టింపు ధర చెబితే, ఆ రంగు జాతి ప్రమాణాల్లోనే లేదని గుర్తుంచుకోండి.

నాలుగో అడుగు: కాగితాలు

మన దేశంలో జాతి కుక్కల రిజిస్ట్రేషన్‌కి ఎక్కువగా చెల్లుబాటయ్యేది చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్. అందరూ కేసీఐ పేపర్లు అంటారు. వేరే పేర్లతో కూడా సర్టిఫికెట్లు తిరుగుతుంటాయి. బంగారు అంచు, గుండ్రటి ముద్ర చూసి ముచ్చటపడకండి. అందులో తాతముత్తాతల పేర్లున్నాయా, అవి ఎక్కడ నమోదై ఉన్నాయన్నది చూడండి.

సర్టిఫికెట్ చేతికొచ్చాక నేను ఈ వరసలో చూస్తాను. ముందు జాతి, ఆడా మగా, రంగు, పుట్టిన తేదీ. ఇవి మీ ముందున్న పిల్లతో సరిపోవాలి. నవ్వకండి, మగ పసుపు పిల్ల సర్టిఫికెట్ చూపించి ఆడ నల్లపిల్లని అంటగట్టబోయినవాణ్ణి నేను కళ్ళారా చూశాను. "ప్రింటింగ్ మిస్టేక్ సార్" అన్నాడు. ఆ తర్వాత తల్లి పేరు, తండ్రి పేరు, వాటి రిజిస్ట్రేషన్ నంబర్లు. తర్వాత వంశవృక్షం: మూడు తరాలైతే తల్లిదండ్రులు ఇద్దరు, తాతలు నలుగురు, ముత్తాతలు ఎనిమిదిమంది, మొత్తం పద్నాలుగు పేర్లు. తర్వాత మైక్రోచిప్ నంబరు. చివరగా పెంచినవారి పేరు, యజమాని పేరు.

కొన్ని సర్టిఫికెట్లలో తల్లి, తండ్రి గడుల్లో పేర్లుండవు, "అన్‌నోన్" అని ఉంటుంది. చూడటానికి ఆ జాతి లక్షణాలున్నాయని నమోదు చేశారే తప్ప వంశం ఎవరికీ తెలియదని దానర్థం. అమ్మేవాడు "కేసీఐ ఉంది సార్" అన్నప్పుడు అబద్ధం చెప్పడం లేదు, కానీ మీరనుకునేది కూడా చెప్పడం లేదు. ఆ గడులు చదవకుండా డబ్బులివ్వకండి.

ఇక "పేపర్లు తర్వాత పంపిస్తా" అనే మాట. ఇందులో కొంత నిజముంది. ఈతలో పుట్టిన పిల్లల్ని ముందు క్లబ్బు దగ్గర నమోదు చేయించాలి, ఆ తర్వాతే ఒక్కో పిల్లకీ సర్టిఫికెట్ వస్తుంది. ఎనిమిదో వారానికి అది చేతిలో లేకపోవడం పెద్ద తప్పేం కాదు. కానీ ఆ రోజుకి చూపించగలిగేవి కొన్నుంటాయి: తల్లీతండ్రీ సర్టిఫికెట్లు ఒరిజినల్‌గా, తండ్రి కుక్క యజమాని సంతకం ఉన్న ఈత నమోదు దరఖాస్తు కాపీ, పిల్లకి వేసిన చిప్. ఇవి మూడూ ఉంటే సర్టిఫికెట్ కోసం ఆగవచ్చు. ఒక్కటీ లేకుండా "తర్వాత" అంటే ఆ తర్వాత రాదు. జెరాక్సులతో, ఫోన్లో ఫొటోలతో సరిపెట్టుకోకండి. ఆ నంబర్లు రాసుకుని, నిజమైనవేనా అని క్లబ్బు ఆఫీసునే అడగండి.

ఒక చిన్న కిటుకు. తల్లికుక్క సర్టిఫికెట్ మీద యజమాని పేరు చూసి, మీరు డబ్బు పంపబోయే యూపీఐలో ఏ పేరు వస్తోందో పోల్చుకోండి. వేరైతే మధ్యలో దళారి ఉన్నాడని అర్థం. అసలు యజమానితో మాట్లాడించమనండి.

టీకాల పుస్తకం మీద "లాబ్రడార్" అని రాసి ఉండటం జాతికి రుజువు కాదు. డాక్టరుగారు మీరు చెప్పిందే రాస్తారు. ఆ పుస్తకంలో చూడాల్సింది వేరు: టీకా సీసా మీద నుంచి తీసి అంటించిన లేబుల్, దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పక్కన డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న ముద్ర.

ఐదో అడుగు: చిప్‌ని చదివించడం

మైక్రోచిప్ బియ్యపు గింజంత ఉంటుంది. మెడ వెనక, రెండు భుజాల మధ్య చర్మం కింద సూదితో వేస్తారు. దాని మీద స్కానర్ పెడితే 15 అంకెల నంబరు వస్తుంది. అంతే. అది ఫోన్లో కుక్క ఎక్కడుందో చూపించే పరికరం కాదు, అందులో బ్యాటరీ ఉండదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

చిప్‌తో పాటు బార్‌కోడ్ స్టిక్కర్లు వస్తాయి. వాటిని పుస్తకంలో అంటించి "చిప్ ఉంది" అనడం సులువు. స్టిక్కర్ ఉంటే చిప్ ఒంట్లో ఉన్నట్టు కాదు. స్కాన్ చేయించాల్సిందే. పెంచేవాళ్ళ దగ్గర స్కానర్ లేకపోతే, ఉన్న పశువైద్యుడి దగ్గరికి పిల్లని తీసుకెళ్దామనండి. ఆటో ఖర్చు మీరే పెట్టుకోండి, పోయేదేం లేదు. భుజాల మధ్య దొరక్కపోతే మెడ పక్కల, ముందుకాళ్ళ పైభాగంలో కూడా వెతకమనండి, చిప్ కొద్దిగా జరుగుతుంటుంది. వీలైతే తల్లిని కూడా స్కాన్ చేయించండి. తల్లి చిప్ నంబరు తల్లి సర్టిఫికెట్‌తో, పిల్ల చిప్ నంబరు పిల్ల కాగితాలతో కలిసిందంటే మొదట్లో నేను చెప్పిన ముడి పడినట్టే.

ఆరో అడుగు: ఇప్పుడు పిల్లని చేతిలోకి తీసుకోండి

ముందు వయసు తేల్చండి. పెదవి నెమ్మదిగా ఎత్తి పళ్ళు లెక్కపెట్టండి. మూడో వారం దాకా చిగుళ్ళే ఉంటాయి. మూడు నుంచి అయిదో వారం మధ్య ముందుపళ్ళు, కోరపళ్ళు వస్తాయి, వెనక పళ్ళు ఆ తర్వాత. ఎనిమిది వారాలకి పాలపళ్ళు సాధారణంగా 28, పైన పద్నాలుగు, కింద పద్నాలుగు. "అరవై రోజులు" అన్న పిల్లకి వెనక పళ్ళు ఇంకా చిగురు చీల్చుకుంటున్నాయంటే వయసు అబద్ధం. వయసు అబద్ధమైతే సర్టిఫికెట్ మీద తేదీ ఇంకో పిల్లదై ఉండొచ్చు.

బరువు చూడండి. ఎనిమిది వారాల లాబ్రడార్ పిల్ల సుమారుగా నాలుగున్నర నుంచి ఆరున్నర కిలోల దాకా ఉంటుంది. పొట్ట గుమ్మడికాయలా ఉండి పక్కటెముకలు చేతికి తగులుతుంటే అది బొద్దుతనం కాదు, కడుపులో పురుగులు. తోక మొదట్లో పట్టుకుని చూస్తే ఈ వయసులోనే లావు తెలుస్తుంది. బొచ్చు ఒత్తుగా, మెత్తగా ఉండాలి. కళ్ళు కొంచెం నీలంగా ఉంటే భయం లేదు, తర్వాత గోధుమ రంగుకి మారతాయి. నీలికళ్ళ లాబ్రడార్ అని ఎక్కువ ధర అడిగితే మాత్రం ఒప్పుకోకండి.

"పంజాలు చూడండి సార్, హెవీ బోన్" అంటారు. పంజా లావుగా ఉంటే పెద్దకుక్క అవుతుందనే తప్ప ఏ జాతో తెలియదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా సంకరం కాదని చెప్పలేం. జాకీకి నలభయ్యో రోజున తోక తప్ప అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ తోకైనా నేను పట్టుకుని చూడలేదు.

వేరే జాతులైతే

జర్మన్ షెపర్డ్‌కి ఎనిమిదో వారంలో చెవులు వాలి ఉండటం మామూలే, నిలబడటానికి నాలుగైదు నెలలు పట్టొచ్చు. పుట్టినప్పుడు బాగా నల్లగా ఉండి, పెరిగేకొద్దీ గోధుమ రంగు పరుచుకుంటుంది. మన మార్కెట్లో "డబుల్ కోట్" అని పొడుగు బొచ్చు పిల్లలకి ఎక్కువ ధర చెబుతారు. నిజానికి పొట్టి బొచ్చు షెపర్డ్‌కి కూడా రెండు పొరలుంటాయి, ఆ పేరు అమ్మేవాళ్ళు పెట్టింది. రాట్‌వైలర్ నలుపు మీద గోధుమ మచ్చలతోనే ఉండాలి. డాబర్‌మ్యాన్‌తో కలిపిన పిల్లకి కూడా అవే మచ్చలు అవే చోట్ల వస్తాయి కాబట్టి అక్కడ మచ్చల్ని నమ్మలేం. డాల్మేషియన్ పిల్లలు తెల్లగా పుడతాయి, మచ్చలు రెండో వారం నుంచి తేలతాయి. "పుట్టిన రోజు ఫొటో" అంటూ మచ్చలున్న పిల్లని చూపిస్తే ఆ ఫొటో పుట్టిన రోజుది కాదు. బీగిల్ తోక కొసన తెలుపుండాలి. ఇక మన ఊళ్ళలో "పామ్" అని పిలిచేది చాలావరకు ఇండియన్ స్పిట్జ్. మంచి కుక్క, మన ఎండకి తట్టుకుంటుంది, కానీ పామరేనియన్ ధర పెట్టి కొనాల్సిన పనిలేదు. "టీకప్", "పాకెట్" అనేవి జాతులు కావు.

డీఎన్ఏ పరీక్ష ఎప్పుడు?

బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది పంపిస్తారు. ఇందులో రెండు రకాలున్నాయి, కలగాపులగం చేయకండి. ఒకటి తల్లిదండ్రుల్ని నిర్ధారించేది: పిల్లవి, తల్లివి, తండ్రివి నమూనాలు పోల్చి ఇది వీటి పిల్లేనా కాదా అని గట్టిగా చెబుతుంది. రెండోది జాతుల అంచనా: పిల్ల నమూనాని ఆ ల్యాబ్ దగ్గరున్న జాతుల సమాచారంతో పోల్చి శాతాల్లో చెబుతుంది. సంకరమైతే బయటపడే అవకాశం ఎక్కువే గానీ, దాన్ని పట్టుకెళ్తే కేసీఐ వాళ్ళు సర్టిఫికెట్ ఇవ్వరు. షోలకి తీసుకెళ్దామనో పిల్లల్ని పెట్టిద్దామనో భారీగా డబ్బు పెట్టేవాళ్ళు మొదటి రకం చేయించుకోవాలి. ఇంట్లో పెంచుకునేవాళ్ళకి అనుమానం వస్తే తప్ప అవసరం లేదు. నమూనా తీసే ముందు పిల్లని కనీసం గంటసేపు తల్లికీ మిగతా పిల్లలకీ దూరంగా ఉంచండి, లేకపోతే వాటి ఎంగిలి కూడా దూదిలోకి వచ్చేస్తుంది.

ఇంకో మాట. అసలు జాతైనంత మాత్రాన ఆరోగ్యమైనదని కాదు. లాబ్రడార్లకి తుంటి, మోచేయి కీళ్ళ జబ్బులు వంశపారంపర్యంగా వస్తాయి. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు ఉన్నాయా అని అడగండి. ఉన్నాయని తీసి చూపించేవాడు దొరికితే, ధర కొంచెం ఎక్కువైనా అక్కడే కొనండి.

డబ్బు, రసీదు

పూర్తి నగదుగా, చేతి మీద చెయ్యి వేసి కొనకండి. రసీదు రాయించుకోండి. అందులో తేదీ, అమ్మినవారి పేరు, చిరునామా, ఫోన్, జాతి, రంగు, ఆడా మగా, పుట్టిన తేదీ, చిప్ నంబరు, తల్లిదండ్రుల రిజిస్ట్రేషన్ నంబర్లు, ఇచ్చిన మొత్తం ఉండాలి. సర్టిఫికెట్ తర్వాత ఇస్తామంటే ఏ తేదీలోగా ఇస్తారో, ఇవ్వకపోతే ఎంత వెనక్కి ఇస్తారో అందులోనే రాయించండి. కొంత డబ్బు కాగితాలు వచ్చాక ఇస్తానని ఒప్పించగలిగితే ఇంకా మంచిది. తర్వాత గొడవైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయడానికైనా, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళడానికైనా ఈ ఒక్క కాగితమే ఆధారం. నా దగ్గర 2014లో ఆ కాగితం లేదు. ఉన్నదల్లా ఒక ఫోన్ నంబరు, అదీ మూడో నెలకి పనిచేయలేదు.

మా బావగారికి చివరికి మూడో ఇంట్లో కుదిరింది. ఆ ఇంటావిడ మమ్మల్ని నలభై నిమిషాలు ప్రశ్నలేసింది: పగలు ఇంట్లో ఎవరుంటారు, టైల్స్ మీద జారితే ఏం చేస్తారు, ఇంతకుముందు పెంచిన కుక్క ఎలా పోయింది. ఆ చివరి ప్రశ్నకి జాకీ గురించి నేనే చెప్పాను. అంతా విని "ఎనిమిది వారాలు నిండటానికి ఇంకా పన్నెండు రోజులుంది, అప్పుడు రండి" అని పంపేసింది. అడ్వాన్స్ కూడా తీసుకోలేదు. పదమూడో రోజు వెళ్ళి పిల్లని తెచ్చుకుంటూ దారిలోనే డాక్టరుగారి దగ్గర ఆగి మళ్ళీ స్కాన్ చేయించాం. స్కానర్ కూసింది. బావగారు పదిహేను అంకెలూ పైకి చదువుతుంటే నేను రసీదు మీద వేలు పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూశాను. చివరి అంకె దాకా కలిసింది. పిల్ల మాత్రం ఆ హడావిడిలో డాక్టరుగారి స్టెతస్కోపు గొట్టం నోట కరుచుకుని వదిలితే ఒట్టు.